నాన్న రాయి, నా గుంత

మా ఇంట్లో గొప్పలు చెప్పుకోనివాళ్ళు లేరు. ఎంత చేప పడిందని అడిగితే మా నాన్న రెండు చేతులూ చాపి, అవి చాలక పక్కవాడి చెయ్యి కూడా అరువు తీసుకుంటాడు. ఎక్కడ పడిందని అడిగితే మాత్రం దక్షిణాన పడిన చేపకి ఉత్తరం వైపు వేలు చూపిస్తాడు. ఆ రెండు గుణాలూ నాకు వచ్చాయి. కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నదే. చందమామ మీద, నేల కింద, ఒక సొరంగం ఉంది. దాన్ని మొదట పట్టుకున్నది నేను. బరంపురం లంజిపల్లిలో, కింద వాటా వాళ్ళ కుక్కర్ ఈలలు లెక్కపెట్టుకుంటూ, మేడ మీద గదిలో కూర్చుని పట్టుకున్నాను.

మాది గోపాల్‌పూర్ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వలలు భుజాన వేసుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఒడియా వాళ్ళు మమ్మల్ని నోళియాలంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో ఇంగ్లీషు, తిట్టుకోవడానికి మాత్రం మూడూ వాడతాం.

ఆడపిల్లలు పడవెక్కకూడదని మా వాళ్ళ పట్టింపు. ఎందుకంటే గంగమ్మకి కోపం వస్తుందట. గంగమ్మ మాత్రం ఆడది కాదా అని అడిగి చిన్నప్పుడే మొట్టికాయ తిన్నాను. ఆ మొట్టికాయ పెట్టిన నాన్నే, జాలిపడ్డాడో ఏమో, మర్నాటి నుంచి వలలు ఆరేశాక ఇసకలో కూర్చోబెట్టి పుల్లతో సముద్రం గీసి చూపించడం మొదలుపెట్టాడు.

సముద్రంలో వీధులుండవు, ఇంటి నంబర్లుండవు. చోటు గుర్తుపట్టాలంటే ఒడ్డునే చూడాలి. లైట్‌హౌస్ వెనక సరిగ్గా ఒక కొండ కొమ్ము వచ్చి నిలబడిందనుకోండి, పడవ ఒక గీత మీద ఉన్నట్టు. ఆ గీత తప్పకుండా పోతూ పోతూ, ఇంకో పక్క తాడిచెట్ల గుంపు రెండు కొండల నడిమి సందులోకి వచ్చేదాకా ఆగితే అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట, నీటి అడుగున రాతి గట్టు. మేము దాన్ని రాయి అనే అంటాం. రాయి ఉన్న చోట చేప ఉంటుంది. చివరికి తాడుకి కట్టిన సీసం గుండు దింపి చూస్తారు. గుండు అడుగున సబ్బు రాసి ఉంటుంది. ఇసక అంటితే ఇసక నేల, బురద అంటితే బురద, ఏదీ అంటకుండా సబ్బు మీద గాటు పడితే రాయి. తాడు ఎన్ని బారలు దిగిందో అది లోతు.

ఒక్కో రాయి ఒక్కో ఇంటిది. దాని గుర్తులు తండ్రి కొడుక్కి చెబుతాడు, అన్న తమ్ముడికి చెబుతాడు. బయటివాడు అడిగితే లేదనడు, అది మర్యాద కాదు. రెండు గీతల్లో ఒకటి నిజం చెప్పి, ఒకటి కాస్త పక్కకి జరిపి చెబుతాడు. వినేవాడికీ ఆ సంగతి తెలుసు. అయినా తల ఊపి వింటాడు, రేపు తనూ అదే చేస్తాడు కాబట్టి. మా నాన్న రాయి కోనాం చేపలకి పేరు. నాకు అన్నదమ్ములు లేరు, అందుకే నాన్న దాని గుర్తులు నాకు చెప్పాడు. నిజంవే చెప్పాడు.

ఎనిమిదో తరగతిలో మా జాగ్రఫీ మాస్టారు, ఒడియా ఆయన, ఎవరి ఊరి పటం వాళ్ళు గీసుకు రమ్మన్నారు. అందరూ రోడ్డు, బడి, గుడి, బస్సులాగే చోటు గీశారు. నేను సముద్రం గీశాను. రాళ్ళు, లోతులు బారల్లో, ఎక్కడ బురదో ఎక్కడ ఇసకో, లైట్‌హౌస్ నుంచి గీతలు, కొండల నుంచి గీతలు, అన్నీ స్కేలు పెట్టి గీశాను. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ పటానికి మొదటి బహుమతి ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చే ప్రదర్శనలో గుమ్మం ఎదురుగా తగిలించారు.

నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయనకి అక్షరాలు రావు. కానీ పటం ముందు నిలబడగానే చదివేశాడు. లైట్‌హౌస్, కొమ్ము, తాడిచెట్లు, సందు. ఆయన కళ్ళు మొదటి గీత వెంబడి పోయి, రెండో గీత పట్టుకుని, కలిసిన చోట ఆగిపోయాయి. నాన్నకి అటొకరూ ఇటొకరూ మరో రెండు పడవల వాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళకీ అక్షరాలు రావు, వాళ్ళూ చదివేశారు. వాళ్ళలో ఒకాయన బొటనవేలూ చూపుడువేలూ పెట్టి ఒడ్డు నుంచి రాయికి ఎంత దూరమో మెల్లగా కొలుచుకున్నాడు. నేను బహుమతి గ్లాసు పట్టుకుని నవ్వుతూ ఉన్నాను. నాన్న మొహం చూశాక నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వారం తిరగకుండా మా రాయి మీద ఐదారు పడవలు నిలబడ్డాయి. అమ్మ "ఇంటి గుట్టు లంకకి సేటని ఊరికే అన్నారేటే!" అని నెత్తి కొట్టుకుంది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"తప్పు గీసినా బాగుణ్ణు గదే," అన్నాడు. "సరిగ్గా గీసినావు. అదే వచ్చింది తంటా." వల భుజాన వేసుకుంటూ అన్నాడు, "ఇకమీదట నీకు సముద్రం సెప్పను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. నన్ను బరంపురం కాలేజీకి పంపాడు, ఆ తర్వాత ఎంత చదువుతానంటే అంత చదివించాడు. నా ఫీజుకని అమ్మ పెద్ద బజారులో చేపల బుట్ట ముందు ఎన్ని గంటలు కూర్చుందో నాకు తెలుసు. కానీ ఇసకలో మళ్ళీ పుల్ల పట్టలేదు. ఆ తర్వాత నాన్న ఇంకో రాయి వెతుక్కున్నాడు. అది నాన్నకీ, ఆయన తమ్ముడు మా చిన్నాన్నకీ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళిద్దరూ దాని మాట మాట్లాడుకుంటుండగా నేను గుమ్మంలోకి వస్తే వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. పడవలకి జీపీఎస్ వచ్చాక చిన్నాన్న ఆ చోటు అందులో దాస్తానన్నాడట. "ఆ డబ్బీ ఎవుడి సేతిలో ఉంటే ఆడికి సెప్పేస్తాది. మన పిల్ల పటంలాగ," అన్నాడట నాన్న. ఆ మాట నా చెవిన పడింది. అప్పటి నుంచి నేను గీసిన ప్రతి పటం వెనకా ఆ మాట ఉంది.

ఇంక చందమామ సంగతికి వస్తాను. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట చందమామ మీద కరిగిన రాయి ఏరుల్లా పారింది. పైన చల్లబడి పెంకు కట్టింది, లోపలిది పారుతూ పోయి ఖాళీ అయింది. అలా నేల కింద సొరంగాలు మిగిలాయి. కొన్నిచోట్ల పైకప్పు కూలి గుంతలు పడ్డాయి. పైన పగలు పెనంలా కాలిపోతుంది, రాత్రి చెప్పలేనంత చలి. సొరంగంలో ఆ బాధ లేదు. రేపు మనుషులు వెళ్ళి కొన్నాళ్ళు ఉండాలంటే అవే ఇళ్ళు. అందుకని ఆ సొరంగాలు ఎక్కడున్నాయో పటం గీసే పని కొంతమంది చేస్తున్నారు. అందులో నేనొకదాన్ని. మా గుంపులో ఉన్నది పట్టుమని పదిమంది కూడా కాదు. మా పెద్ద, మేము మేడం అంటాం, బెంగుళూరులో ఉంటారు. మిగతా వాళ్ళం ఎవరి ఊళ్ళో వాళ్ళం కంప్యూటర్ల ముందు.

పైనుంచి తీసిన ఫోటోలో గుంత కనిపిస్తుంది గానీ దాని అడుగు నుంచి పక్కకి దారి ఉందో లేదో కనిపించదు. దానికి రాడార్ కావాలి. చందమామ చుట్టూ తిరిగే యంత్రం ఏటవాలుగా రేడియో తరంగాలు విసురుతుంది. అవి గుంతలోకి దూరి, తగిలి, తిరిగొస్తాయి. సబ్బు రాసిన సీసం గుండు చేసేదీ అదే, కాకపోతే దీనికి తాడు లేదు. ఏం అంటుకుని వచ్చిందో చూసి అడుగున ఏముందో చెప్పాలి.

ఆ ఏడు మాకు ఒక పని పడింది. ముందు ముందు ఎప్పుడైనా ఒక యంత్రాన్ని గుంతలోకి దింపాలనుకుంటే ఏ గుంత మంచిదో, మూడింటిని ఎంచి చెప్పాలి. నాకు ఎవరి జాబితాలోనూ లేని ఒక చిన్న గుంత దొరికింది. దాని గోడకి అవతల, నేల కింద ఉండాల్సిన చోట, తరంగం తిరిగి వచ్చిన మెరుపు ఒక చారగా పడి ఉంది. సొరంగం అయితే తప్ప అక్కడ మెరవడానికి ఏమీ లేదు. లేదా ఎదురుగోడకి తగిలి గెంతి వచ్చిన దొంగ మెరుపైనా కావచ్చు. తేల్చాలంటే అదే గుంతని అవతలి దిక్కు నుంచి చూసిన రాడార్ బొమ్మ కావాలి. రెండో గీత అన్నమాట. దాన్ని పాత బొమ్మల భాండాగారంలోంచి తీసి పంపమని రాసి కూర్చున్నాను.

ఆ మూడింటిలో నా గుంత ఉండాలి. ఎందుకో దాచను. నేను సరిగ్గా గీసిన మొదటి పటం మా ఇంటికి చెరుపు చేసింది. సరిగ్గా గీసిన ఇంకో పటం ఒక్కటైనా నాన్న ముందు పెట్టి, ఆయన మొహం చూడాలి. నాకు కావలసింది అంతే.

మేమందరం చూసే పట్టికలో ఏది దొరికినా వెంటనే దాని చోటు రాయాలి. అది మా గుంపు నియమం. నేనూ రాశాను. కానీ రాస్తూ రాస్తూ, దశాంశ బిందువు పక్కనున్న అంకెని ఒకటి తక్కువ చేసి వేశాను. చందమామ మీద అది మూడు కిలోమీటర్లు. తెలిసే చేశాను. రెండో బొమ్మ రాగానే దిద్దుదాం, అందాకా ఎవరూ నా రాయి మీద పడవ నిలబెట్టకుండా ఉంటారు, అని మనసులో ఎక్కడో ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఎన్ని డిగ్రీలు సంపాదించినా చెయ్యి మాత్రం మా ఊరిదే.

ఆ తర్వాతి మంగళవారం అందరం తెర మీద కలిశాం. పూనాలో ఉండే మా సహోద్యోగి, నిదానస్థుడు, ఒక్కో గుంతనీ సరిచూసే పని ఆయనది, గొంతు సవరించుకున్నాడు.

"ఈ చోట గుంతే లేదండీ. చదునైన నేల. ఆ చుట్టుపక్కల కూడా వెతికాను. కొట్టేస్తున్నాను."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని విన్నాను గానీ, అంత దూరాన గొయ్యి తీసుకుని పడింది నేనొక్కదాన్నే అయి ఉంటాను. మేడం నా పేరు పిలిచారు. "అంకె ఏదైనా పొరపాటున తప్పు పడిందా?" అని మెత్తగా అడిగారు. దారి ఇచ్చారావిడ. అవునండీ అంటే అయిపోయేది.

నాకు ప్రదర్శనలో పటం ముందు నాన్న మొహం గుర్తొచ్చింది. "పొరపాటు కాదు మేడం," అన్నాను. "నేనే మార్చి వేశాను."

 కింద వాటా కుక్కర్ ఒక ఈల వేసింది.

"ఎందుకు? మాలో ఎవరు దొంగిలిస్తారనుకున్నారు?"

"ఎవరూ కాదండీ. మా ఇంట్లో చోటు ఇలాగే చెబుతాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం నవ్వలేదు. "మీ ఇంట్లో సరే. ఇక్కడ మీరు రాసిన అంకె నమ్మి రేపు ఒక యంత్రం దిగుతుంది," అన్నారు. ఆ పైన ఆవిడ చెప్పింది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇకనుంచి ఈ గుంత జోలికి మీరు రావద్దు. అసలు చోటు ఆయనకి ఇవ్వండి. మీరు గీసిన సొరంగం గీతలు మాత్రం ఇవ్వద్దు. అవతలి దిక్కు బొమ్మ వస్తే అదీ ఆయనే చూస్తారు. ఆయనకి సొరంగం కనిపిస్తే ఉంది. లేకపోతే లేదు."

ఆ తర్వాత ఎదురుచూసిన రోజుల్లో నేను మనిషిని కాను. ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇంటివాళ్ళ అమ్మాయి ఊరికే పలకరిస్తే కసిరాను. ఒకరోజు స్కూటరేసుకుని పెద్ద బజారుకి వెళ్ళి, అమ్మ పక్కన పీట మీద కూర్చుని, జరిగింది చెప్పాను. అమ్మ చేప కోస్తూ వింది.

"నిజం ఒప్పీసుకున్నావు కదే, ఇంకేటి బయ్యం?"

"నిజం ముందు చెప్పలేదు కదమ్మా. అబద్ధం చెప్పాక చెప్పాను."

"అదీ నిజమే," అంది అమ్మ. ఓదార్చడం ఆమెకి చేతకాదు. ఒక గులివింద చేపల పొట్లం మాత్రం నా బండికి తగిలించింది.

మూడు వారాలకి పూనా ఆయన ఫోన్ చేశాడు. ముందు తెర చూడండి అన్నాడు. రెండు దిక్కుల బొమ్మలూ పక్కపక్కన పెట్టాడు. మెరుపు గోడకి గెంతి వచ్చిన దొంగదైతే, చూసే దిక్కు మారేసరికి అదీ రెండో పక్కకి మారిపోవాలి. మారలేదు. అక్కడే ఉంది, నేల కింద. ఆయన సొరంగం అంచులు తన చేత్తో గీశాడు. అప్పుడు నా పాత గీతలు అడిగి తీసుకుని వాటి మీద పరిచాడు. నా గీత ఎక్కడ ఒంగిందో ఆయనదీ అక్కడే ఒంగింది.

"మీరు గీసింది నేను చూడలేదండీ, ఒట్టు," అన్నాడాయన, నేనేదో అనుమానపడ్డట్టు.

నేను ఏడ్చాను. ఆ తర్వాత గదిలో ఒంటరిగా, పక్కవాడి చెయ్యి అరువు లేక, నా రెండు చేతులే అందినంత చాపాను. మా ఊరి నడివీధి, రెండు వైపులా ఇళ్ళతో, ఆరేసిన వలలతో సహా ఆ సొరంగంలో పట్టేస్తుంది. ఎంత దూరం పోతుందో ఎవరికీ తెలియదు. రాడార్‌కి అందింది వాకిలి, మొదటి గది మాత్రమే. ఆ వాకిలి ఎక్కడుందో మాత్రం ఖాయం. మేడం దాన్ని మూడింటిలో ఒకటిగా ఎంచారు. నివేదికలో దాని చోటు నాచేతే టైపు చేయించారు. తెరకి అవతల ఆవిడ చూస్తుండగా ఒక్కో అంకే నొక్కాను, చివరి అంకె దాకా. "బాగుంది," అన్నారావిడ. ఆ ఒక్క మాటకి నేను నెలరోజులు తల ఎత్తుకు తిరిగాను. ఇప్పటికీ దించలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే పటం పెద్దగా అచ్చు వేయించుకుని ఊరు వెళ్ళాను. నాన్న చూరు కింద వల బాగుచేస్తున్నాడు. ఎదురుగా ఇసకలో పటం పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా వలకి కట్టే సీసం గుళ్ళు పెట్టాను. అది చందమామ అని, ఇది గుంత అని, ఈ గీతలు సొరంగమని చెప్పాను. రెండు దిక్కుల నుంచి చూసి కలిపామని చెప్పి, ఆ దిక్కుల గీతలు కూడా చూపించాను. అంకె మార్చిన సంగతి, అందరి ముందూ ఒప్పుకున్న సంగతి కూడా దాచలేదు.

నాన్న వల పక్కన పెట్టి వంగి చూశాడు. ప్రదర్శనలో లాగే ఆయన కళ్ళు మొదటి గీత వెంబడి పోయి, రెండో గీత పట్టుకుని, కలిసిన చోట ఆగాయి.

"ఇదెక్కడున్నాదో ఎవులెవులకి తెల్సు?"

"అందరికీ నాన్నా. ఎవరైనా చూసుకోవచ్చు."

"నువ్వే సెప్పీసినావా?"

"నేనే. చివరి అంకె దాకా."

 నాన్న పటాన్ని తొక్కకుండా పక్కకి జరిగి, వల కుట్టే పుల్లతో ఇసకలో లైట్‌హౌస్ గీశాడు. దాని వెనక ఒక కొండ. ఇంకో పక్క ఇంకో గుర్తు. రెండు గీతలు లాగి, అవి కలిసిన చోట పుల్ల గుచ్చాడు. ఇరవై ఏళ్ళ తర్వాత నాన్న నాకు సముద్రం చెబుతున్నాడు. 

"రెండో రాయి. పదారు బారలు," అన్నాడు.

నేను ఆ గీతల్ని చూశాను. మళ్ళీ చూశాను. "అక్కడ పదహారు బారలు లేదు నాన్నా. తొమ్మిదికి మించదు. పైగా అక్కడ అడుగు బురద, రాయి కాదు. నా బడి పటంలో రాశాను. నువ్వు చెప్పిందే రాశాను."

నాన్న నా వైపు చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. మా నాన్న అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఓలే, ఇటు రాయే!" అని లోపలున్న అమ్మని కేకేశాడు. "మన పిల్లని బోల్తా కొట్టించడం ఎవుడి వల్లా కాదే! సందమామ మీద ఉన్నోడి వల్ల కూడా కాదు!" పక్కింటివాళ్ళు సైతం బయటికి వచ్చి చూశారు. తర్వాత నాన్న నా వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు, "అలవాటు పిల్లా. సెయ్యి అలా ఎల్లిపోతాది."

"నాకు తెలుసు," అన్నాను.

అరచేత్తో ఇసక చదును చేశాడు. పక్కింటివాళ్ళు లోపలికి వెళ్ళిపోయేదాకా ఆగాడు. మళ్ళీ లైట్‌హౌస్ గీశాడు, ఈసారి వేరే కొండ గీశాడు, గీతలు లాగాడు. నేను లోతులు గుర్తు తెచ్చుకుని మనసులో సరిచూసుకున్నాను. అన్నీ కలిశాయి.

"రాసుకో," అన్నాడు నాన్న.

రాసుకున్నాను. చందమామ మీద నా గుంత ఎక్కడుందో ఎవరు అడిగినా చెబుతాను, చివరి అంకె దాకా చెబుతాను. మా నాన్న రెండో రాయి ఎక్కడుందో మాత్రం అడగకండి. మర్యాదకి లేదనకుండా చెబుతాను, మీరు తల ఊపి వినండి.